కుర్చీలో కూర్చుని చేసే పని

మదనపల్లెలో టమోటా మండీకి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల గేటు ముందు పొద్దున ఏడింటికే పిల్లలు చేరతారు. బడి తొమ్మిదికి. అమ్మలు తెల్లవారకముందే మండీకి, నాన్నలు లారీల మీదకో ఆటోల మీదకో పోతారు గనక ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లలు ఆ రెండు గంటలూ గేటు పట్టుకుని ఊగుతూ ఉండడం చూసి, ఒక చిన్న ట్రస్టు వాళ్ళు బళ్ళోనే టిఫిన్ పెట్టించడం మొదలుపెట్టారు. తర్వాత పుంగనూరులో ఒక బడి, కుప్పంలో ఒక బడి కలిశాయి. టిఫిన్ అయ్యాక బడి గంట కొట్టేదాకా మిగిలే ముప్పావు గంటలో పిల్లల చేత ఏం చేయించాలో ఆలోచించడానికి నన్ను పెట్టుకున్నారు.

అంతకుముందు నేను పుంగనూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేదాన్ని. ఆ స్కూలు మూతపడింది. ఈ కొత్త పనికి సరైన పేరు లేదు. ఎవరైనా అడిగితే "టిఫిన్ పిల్లలకు ఆటలు చెప్పే పని" అనేదాన్ని. సోమ, మంగళవారాలు మదనపల్లె, బుధ, గురువారాలు పుంగనూరు, శుక్ర, శనివారాలు కుప్పం. గురువారం సాయంత్రమే కుప్పం పోయి మా పిన్నమ్మ కూతురింట్లో దిగేదాన్ని. నేను లేని రోజుల్లో ఆటలు నడిపించేది ఆ బడిలో వంట చేసే ఆవిడే. మదనపల్లె వంటమ్మకు చదవడం అంతగా రాదు. అందుకని ఆవిడ కోసం కాగితం మీద బొమ్మలు గీసి పెట్టేదాన్ని. మూడు గిన్నెలు గీస్తే ఒక ఆట, తాడు గీస్తే ఇంకొకటి. ఆవిడ ఆ కాగితాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టుకునేది.

తిరుపతిలో రెండు రోజుల శిక్షణ ఇచ్చి చేతికో పుస్తకం ఇచ్చారు. అందులో రాసినవాటిలో సగం మొదటి వారంలోనే పనికిరాకుండా పోయాయి. పిల్లలందరూ ఒకేసారి తినడం ముగించరు. మొదటివాడు లేచి చెయ్యి కడుక్కున్నాక చివరివాడు లేవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి మధ్యలో ఎవరు వచ్చినా కలిసిపోగలిగే ఆట కావాలి. గంట కొట్టగానే వదిలేసినా బాధ కలగని ఆట కావాలి. మట్టి ముట్టుకునేది పనికిరాదు, మళ్ళీ రెండోసారి పొంగలి పెట్టించుకోవడానికి వస్తారు. అరిచేది పనికిరాదు, ఎనిమిదిన్నరకల్లా హెడ్మాస్టరు వస్తారు. ఆరేళ్ళవాళ్ళకూ పదేళ్ళవాళ్ళకూ ఒకటే ఆట కుదరాలి. ఇవన్నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. వాటన్నిటికీ నిలబడిన ఆట ఒక్కటే, గింజలు ఏరడం.

అలసందలు, ఉలవలు, కందులు, అనపగింజలు చేటలో కలిపి పోసేదాన్ని. ఒకరు వాటిని గుంపులు చేయాలి. ఏ లెక్కన గుంపులు చేశారో చెప్పకూడదు, మిగతావాళ్ళు కనుక్కోవాలి. రంగును బట్టి కావచ్చు, పరిమాణాన్ని బట్టి కావచ్చు, నున్నగా ఉన్నవి ఒక పక్కా ముడతలు ఉన్నవి ఒక పక్కా కావచ్చు. మూడు ఊళ్ళలోనూ ఈ ఆట బాగా నడిచింది. నేను లేకపోయినా నడిచేది.

మదనపల్లె బళ్ళో ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. తల తనే దువ్వుకుని, ఇంటికి తాళం తనే వేసుకుని, తాళంచెవి మెడలో దారానికి కట్టుకుని వచ్చేది. వాళ్ళమ్మ మండీలో టమోటాలు ఏరే పని చేసేది. ఐదింటికే పోయేది. ఆ అమ్మాయి పెట్టే గుంపులు కనుక్కోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఒకసారి కందులను రెండు కుప్పలు చేసింది. నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి. అడిగితే, "ఇవి రేపో ఎల్లుండో పుచ్చిపోతాయి మిస్, ఇవి పోవు" అంది.

ఒక సోమవారం గింజల సంచి కుప్పంలోనే మరిచిపోయి వచ్చాను. వంటమ్మను అడిగితే మధ్యాహ్నం సాంబారుకు తెచ్చిన టమోటాల గంప ఇచ్చింది. "నలిపేస్తే మాత్రం ఊరుకోను" అని పిల్లలకు చెప్పి పోయింది. పిల్లలు ఎర్రవి ఒక పక్క, పచ్చివి ఒక పక్క పెట్టారు. కొందరు పెద్దవీ చిన్నవీ అన్నారు. ఆ అమ్మాయి వంతు వచ్చింది. చేతులు చాలా వేగంగా కదిలాయి. మూడు కుప్పలయ్యాయి. ఎవరూ కనుక్కోలేకపోయారు.

"చెప్పేసేదా?" అంది. "ఇవి ఢిల్లీకి పొయ్యేటివి. ఇవి మద్రాసుకి. ఇవి ఈడనే కూరకి."

దూరం పోవాల్సినవి దోరగా ఉండాలి, గట్టిగా ఉండాలి. దగ్గరికి పోయేవి కొంచెం పండినా ఫరవాలేదు. ఆ రోజే పండిపోయేవి ఊళ్ళోనే అమ్ముడుపోవాలి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. నాకూ సంతోషం వేసింది. మామూలుగా పిల్లల్ని పొగిడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడేదాన్ని. ఆ రోజు నోరు జారాను. "నువ్వు మీ అమ్మకన్నా బాగా ఏరేట్టున్నావే!" అన్నాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

మరుసటి రోజు పిల్లలు ఇంకా తింటుండగా వాళ్ళమ్మ వచ్చింది. పని మధ్యలో వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. వేళ్ళు పసరు పట్టి నల్లగా ఉన్నాయి. వరండా మెట్ల దగ్గరే నిలబడింది.

"ఆటలు సెప్పే మేడం మీరేనా?"

అవునన్నాను.

"నిన్న నా బిడ్డని ఏమో అన్న్యారంట. నాకన్నా బాగా ఏరతాదని."

"బాగా చేసిందమ్మా. అందుకే మెచ్చుకున్నాను."

"నేను అయిదింటికే యాల పోతాండాను మండీకి? దాని సేతికి ఆ పని రాకూడదనే గదా. బడికి పంపిస్తే ఈడ గూడా ఏరేదేనా?"

పుస్తకంలో ఉన్నదే చెప్పాను. గుంపులు చేయడమంటే లెక్కల్లో మొదటి మెట్టని, ఏది ఎందులో చేరుతుందో ఆలోచించడం నేర్చుకుంటారని, పెద్ద స్కూళ్ళలో కూడా చేయిస్తారని చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది. మధ్యలో అడ్డు రాలేదు.

"టమోటాలు ఏరితే లెక్కలొస్తాయంటే, నాకెంత లెక్కలు రావాల మేడం?" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. కూతురి వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పిల్లలు తినడం ఆపి నా ముఖం చూస్తున్నారు. నేను చట్నీ కావాలా అని అడుగుతూ వరసలో తిరిగాను.

ఆ రోజు నాకు ముందు వచ్చింది కోపమే. పనిగట్టుకుని వచ్చి అందరి ముందూ అడగాలా అనుకున్నాను. సాయంత్రం బస్సులో పుంగనూరు వస్తుంటే కోపం తగ్గి సిగ్గు మొదలైంది. ఆమె తప్పుగా అర్థం చేసుకుందని చెప్పుకోవడానికి లేదు. నేను అన్న మాట ఆమెకు సరిగ్గానే చేరింది. నోటుబుక్కులో మదనపల్లె పేజీలో ఏరే ఆట కొట్టేశాను. పుంగనూరు, కుప్పం పేజీల్లో కొట్టేయలేదు. అక్కడ ఎవరూ అడగలేదు.

ఆట ఆపడంతో విషయం తీరిపోలేదు. ఆ అమ్మాయి అలిగింది. కొత్తగా పెట్టిన అక్షరాల ఆటలోకి రాలేదు. పొంగలి మెల్లగా, గంట కొట్టేదాకా తినేది. "టమోటాలు తెప్పించు మిస్" అని ఒకసారి అడిగింది. ఇక ఆ ఆట లేదన్నాను. "మా యమ్మ వద్దన్నిందా?" అంది. వంటమ్మ గరిటె కడుగుతూ, "తల్లి సెప్పిందీ న్యాయమే. బిడ్డ అలిగిందీ న్యాయమే. మధ్యలో నువ్వుండావు సూడు" అంది.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక మంగళవారం బడి గంట కొట్టాక నేనే మండీకి నడిచాను. అంతవరకూ లోపలికి ఎప్పుడూ పోలేదు. ఎక్కడ చూసినా ప్లాస్టిక్ క్రేట్లు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వేలం పాట ఒక పక్క జరుగుతోంది. ఇంకో పక్క టమోటాల కుప్పల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమెను కనుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది, అందరూ తలకు తువ్వాళ్ళు చుట్టుకునే ఉన్నారు.

నన్ను చూసి ఆమె లేవలేదు. ఆమె చేతులు ఆగలేదు. ఒక ఖాళీ క్రేటు బోర్లించి నా వైపు తోసింది. "కూసోండి మేడం. సీరకి అంటుకుంటాది, సూసుకోండి."

కూర్చున్నాను. ఆమె గోనెపట్టా మీద ఉంది. కాసేపు ఆమె చేతులనే చూశాను. పండు చేతిలోకి రావడం, పక్క క్రేటులో పడడం మాత్రమే కనిపించింది. ఆ మధ్యలో ఆమె ఎప్పుడు నిర్ణయించుకుంటోందో నాకు పట్టుబడలేదు.

"ఏరే ఆట తీసేశానమ్మా" అన్నాను.

"సెప్పింది. ఇంట్లో నాతో మాట్లాడలేదు మూడు దినాలు."

"మరి ఏం నేర్పించమంటారు? మీరే చెప్పండి."

ఆమె చేతులు ఆగాయి. పక్కనున్న ఆడవాళ్ళు కూడా మా వైపు చూశారు. ఎవరూ ఆమెను ఆ ప్రశ్న అడిగి ఉండరనిపించింది, నేను కూడా ఇంకెవరినీ అడిగి ఉండలేదు.

"కుర్సీలో కూసోని సేసే పని ఏదన్నా నేర్పించండి" అంది. "జనం ఎదురుగా నిలబడుకోనుండాల. ఇది కూసోనుండాల."

పక్కావిడ నవ్వి, "కలెక్టరు పని నేర్పించమంటాది మేడం" అంది.

"కలెక్టరే కావాల్నా? కరెంటు ఆఫీసులో గుమాస్తా అయినా సాలు" అంది ఆమె, నవ్వకుండా.

మా టిఫిన్ పిల్లలకు కుర్చీలు లేవు. వరండాలో పట్టాల మీద కూర్చుని తింటారు, అక్కడే ఆడతారు. మరుసటి సోమవారం హెడ్మాస్టరుని కుర్చీ అడిగాను. "ఆఫీసు రూములో ఉండేవే నాలుగు మేడం, ఎవరన్నా వస్తే నేను నిలబడాల్నా?" అన్నారు. చివరికి ఒక పక్క చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి స్టోర్‌రూములోంచి తీయించారు. దాని ముందు పొట్టి బెంచీ వేశాను. పాత పరీక్ష పేపర్ల వెనక పేరు, తండ్రి పేరు, ఊరు, పని, సంతకం అని గళ్ళు గీశాను. వంటమ్మ ఇచ్చిన బెండకాయ తలకాయ కోస్తే పువ్వు ముద్ర తయారైంది. కుంకుమ నీళ్ళల్లో ముంచి కొట్టడమే. నోటుబుక్కులో 'ఆఫీసు ఆట' అని రాసి, కింద 'చదవడం, రాయడం, వరసలో నిలబడడం' అని రాసుకున్నాను.

ఆ అమ్మాయి పట్టా మీంచే కుర్చీ వైపు చూస్తూ ఉంది. "ముందు ఎవరు కూర్చుంటారు?" అన్నాను. చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చింది. కడుక్కుని రమ్మని పంపాను. పరుగెత్తుకుని వచ్చి కూర్చుంది. కాళ్ళు నేలకు సరిగ్గా ఆనలేదు.

వరసలో మొదట నిలబడినవాడు మూడో తరగతి పిల్లవాడు. "రేషన్ కార్డులో మా తమ్ముని పేరు ఎక్కీయాల" అన్నాడు.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. బెంచీ మీద వేళ్ళతో టకటక కొట్టింది. "సర్వర్ డౌన్. రేపు రా" అంది.

వరండా అంతా నవ్వు. రెండోవాడు ముందుకొచ్చాడు. "ఓటీపీ సెప్పు" అంది. "రాలే" అన్నాడు వాడు. "అయితే ఆ పక్కకి నిలబడు." మూడో పిల్లను, "ఈ ఆఫీసు కాదు, ఆ ఆఫీసుకి పో" అని గోడ వైపు చూపించింది. ఆ పిల్ల నిజంగానే గోడ దగ్గరికి పోయి నిలబడింది. గంట కొట్టేసరికి ఒక్క కాగితం కూడా నిండలేదు.

నేను అనుకున్నది ఇది కాదు. పేర్లు రాస్తారు, అడ్రసులు రాస్తారు అనుకున్నాను. కుర్చీ ఎక్కినవాళ్ళందరూ వారంపాటు అదే చేశారు. ఆరేళ్ళ పిల్లవాడు కూడా "భోజనాలకి పోతాండాను, తర్వాత రా" అన్నాడు. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చిన విద్య అది. ఆట ఆపేద్దామా అని ఆలోచించాను. ఆపకుండా ఒక నియమం పెట్టాను. 'రేపు రా' అన్నవాళ్ళు కుర్చీ దిగాలి.

ఆ అమ్మాయికి కుర్చీ దిగడం ఇష్టం లేదు. అందుకని పని చేయడం మొదలుపెట్టింది. పేరు అడిగి రాసింది, ముద్ర కొట్టింది, తర్వాతి వాణ్ణి పిలిచింది. రాసే అక్షరాలు అంత బాగా ఉండేవి కావు. 'వెంక' అని మొదలయ్యే పేర్లలో సున్నా మరిచిపోయేది. ఎదుటివాడు తప్పు పట్టుకునేవాడు, కొట్టేసి మళ్ళీ రాసేది. రెండో వారంలో నా దగ్గరికొచ్చి, "ఇంకో కుర్చీ కావాల మిస్" అంది.

"ఎవరికి?"

"వచ్చేటోళ్ళకి. నిలబడితే తోసుకుంటారు. బెంచీ మీద పడతాండారు."

హెడ్మాస్టరు ఇంకో కుర్చీ ఇవ్వలేదు. పప్పు డబ్బా బోర్లించి దానిమీద గోనె పరిచి ఇచ్చింది వంటమ్మ.

ఈ ఆటను పుంగనూరుకూ కుప్పానికీ తీసుకుపోయాను. పుంగనూరు పిల్లలు ఆఫీసు పెట్టలేదు, పాల కేంద్రం పెట్టారు. కుర్చీలో కూర్చున్నవాడు గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "నీళ్ళు కలిపినావప్పా" అనేవాడు. పాలు తెచ్చినవాడు ఒట్లు పెట్టుకునేవాడు. కుప్పం పిల్లలు రైలు టికెట్ల కౌంటరు పెట్టారు. అక్కడ చాలామంది నాన్నలు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోతారు. ఒకరు తెలుగులో అడిగితే, ఒకరు తమిళంలో, ఇంకొకరు కన్నడంలో అడిగేవారు. కుర్చీలో ఉన్న పిల్ల ఎవరి భాషలో వాళ్ళకే జవాబు చెప్పేది. నాకు సగమే అర్థమయ్యేది. ఆ రెండు చోట్లా ఏరే ఆటను నేనే మెల్లగా మానేశాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

వానలు పట్టి మండీకి సరుకు తగ్గిన రోజుల్లో ఒక పొద్దున ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. వరండా కిటికీ పక్కన గొడుగు ముడిచి నిలబడింది. పిల్లలు ముందే చూసేశారు. "రాండి అక్కా, వరసలో నిలబడండి" అని పిలిచారు. ఆమె వద్దు వద్దంటూనే వచ్చి, ముగ్గురు పిల్లల వెనక నిలబడింది. కూతురు తల్లిని చూసింది గానీ వరస తప్పించలేదు. ముగ్గురి పనీ అయ్యాక, "రామ్మా, కూసో" అంది.

ఆమె డబ్బా మీద కూర్చుంది.

"పేరు?"

ఇంటిపేరుతో సహా చెప్పింది. కూతురు రాసింది. ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పిపోయింది. నేను పక్కనే ఉన్నాను, చెప్పలేదు.

"ఊరు?"

"మదనపల్లె. పుట్టింది కురబలకోట."

"ఒగటే సెప్పాల."

"మదనపల్లే రాయి."

పని అనే గడి దగ్గర పెన్సిలు ఆగింది. పిల్ల తల్లిని చూసింది. తల్లి నన్ను చూసింది.

"నువ్వే రాయి, నీకు తెల్దా?" అంది తల్లి.

పిల్ల కొంచెం ఆలోచించి రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది. తల్లి ఆ కాగితం నాకు చూపించి, "ఏం రాసింది మేడం?" అంది.

"మండీ అని రాసింది."

"మండీ అంటే మండీ సావుకారనుకుంటారు గదే!"

"అనుకోనీ" అంది కూతురు. "పక్కకి జరుగు. ఎనక జనం ఉండారు."

తల్లి పెద్దగా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. కాగితం నాలుగు మడతలు పెట్టి పైట చెంగున కట్టుకుంది. గొడుగు తీసుకుంది. వంటమ్మ జావ తాగి పొమ్మంటే, నిలబడే ఒక గ్లాసు తాగి పోయింది.

ఆ వేసవికి ఆ అమ్మాయి ఐదో తరగతి ముగించి హైస్కూలుకు పోయింది. అక్కడ టిఫిన్ లేదు. డిసెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే, ఇద్దరు స్నేహితురాళ్ళతో కనబడింది. ఆ రోజు హైస్కూలుకు ఒంటిపూట అట. కొంచెం పొడుగైంది.

"మిస్, యాడికి?"

"పుంగనూరికి. ఇంటికే."

"రేపు ఆడ ఏం ఆడిస్తారు?"

"ఇంకా అనుకోలేదు."

"సలి గదా మిస్. ముందు పరిగెత్తించండి."

"తిన్నాక పరుగెత్తకూడదే."

"తిన్నాక కాదు. తినకముందు" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. వాళ్ళ బస్సు వచ్చింది. ముగ్గురూ తోసుకుంటూ ఎక్కేశారు.

ఇన్నాళ్ళూ టిఫిన్ తర్వాతి ముప్పావు గంట గురించే ఆలోచిస్తూ వచ్చాను. ముందున్న అరగంట నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. పిల్లలు ఆ అరగంటా వరండాలో ముడుచుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, పొయ్యి వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

మరుసటి రోజు పుంగనూరులో మంచు పట్టి ఉంది. గేటు దగ్గర మనిషి కూడా కనిపించడం లేదు. పిల్లలు వచ్చినవాళ్ళు వచ్చినట్టే బడి చుట్టూ రెండు చుట్లు తిరిగి రమ్మన్నాను. మొదట ఎవరూ కదలలేదు. నేను చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి కట్టుకుని ముందు నడిచాను. మూల తిరిగేసరికి వాళ్ళు నన్ను దాటిపోయారు. రెండు చుట్లని చెబితే నాలుగు తిరిగారు. వెనకవైపు నుంచి అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. ఇక్కడి వంటమ్మ గిన్నె మీద మూత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏందమ్మా ఇది పొద్దున్నే? జావ సల్లారిపోతాండాది, పిలువు వాళ్ళని!"

పిలిచాను. ఎవరూ రాలేదు. ఇంకో చుట్టు అయ్యాక వచ్చారు.